మొబైల్ టవర్ సైట్‌లో పాడైన ట్రాన్స్‌సీవర్ (రేడియో సిగ్నల్ పంపే, అందుకునే యూనిట్) తీసే ముందు జాగ్రత్తలు

• తప్పు నిజంగా ట్రాన్స్‌సీవర్‌దేనా? వీఎస్‌డబ్ల్యూఆర్ అలారం (యాంటెన్నా వైపు పంపిన పవర్ ఎక్కువగా వెనక్కి వస్తోందనే హెచ్చరిక) వస్తే చాలాసార్లు లోపం యాంటెన్నాకి వెళ్లే ఫీడర్ కేబుల్‌లోనో, నీరు దిగిన కనెక్టర్‌లోనో ఉంటుంది. అప్పుడు యూనిట్ మార్చినా అలారం పోదు. ముందు రీసెట్ చేయండి. తగ్గకపోతే, వీలున్న చోట అదే రకం మంచి యూనిట్‌తో స్లాట్ మార్చి చూడండి. అలారం యూనిట్‌తో పాటు వెళ్తే లోపం దానిదే.

• జీఎస్ఎం (2జీ) సైట్ అయితే ఆ యూనిట్ మీద బీసీసీహెచ్ (సెల్ వివరాలను ఫోన్లకు ప్రసారం చేసే ఛానెల్) నడుస్తోందేమో కనుక్కోండి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. దాన్ని ఉన్నపళంగా ఆపితే సెల్ మొత్తం (ఆ యాంటెన్నా కవరేజీ ప్రాంతమంతా) పడిపోతుంది. బీసీసీహెచ్‌ను మరో ట్రాన్స్‌సీవర్‌కి మార్పించి, నడుస్తున్న కాల్స్ ముగిశాకే కంట్రోల్ రూమ్ వాళ్లతో పాడైన యూనిట్‌ను లాక్ చేయించండి (సేవ నుంచి తప్పించండి). ఆ కాల్స్‌లో ఒకటి అంబులెన్స్ కోసం చేసినదై ఉండొచ్చు.

• ఆర్ఎఫ్ (రేడియో తరంగాల) పవర్ ఆగిందని రూఢి చేసుకోకుండా యాంటెన్నా కేబుల్ విప్పొద్దు. చెయ్యి కాలుతుంది, యాంప్లిఫయర్ కూడా దెబ్బతినొచ్చు.

• ఉంగరం, వాచీ తీసేయండి. మైనస్ 48 వోల్టులే కదా అనుకోవద్దు, షార్ట్ అయితే భారీ కరెంటు పారుతుంది. ఈఎస్‌డీ రిస్ట్ స్ట్రాప్ (ఒంటి మీది స్టాటిక్ కరెంటు యూనిట్‌ను పాడుచేయకుండా మణికట్టుకు కట్టుకునే పట్టీ) తప్పనిసరి.

• స్పేర్ యూనిట్ బ్యాండ్, మోడల్ సరిపోవాలి.

• కేబుళ్లకు లేబుళ్లు, పాత యూనిట్‌కి అలారం వివరాలు రాసిన చీటీ.