మన ఇంటి సరుకుల కంపెనీ ఏ పార్టీకి విరాళమిచ్చింది: తెలుసుకునే దారి, అడిగే పద్ధతి

2024 మార్చి 14న ఎన్నికల సంఘం ఎలక్టోరల్ బాండ్ల (ఇచ్చినవారి పేరు బయటికి తెలియకుండా పార్టీలకు విరాళమిచ్చేందుకు బ్యాంకులో కొనే పత్రాల) వివరాలను బయటపెట్టినప్పుడు, లాటరీ, గనులు, నిర్మాణ రంగాల కంపెనీలతో పాటు మనం రోజూ వాడే వస్తువుల కంపెనీల పేర్లూ అందులో కనిపించాయి. ఎయిర్‌టెల్, మారుతి సుజుకి, ఐటీసీ, అపోలో టైర్స్, హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ వాటిలో కొన్ని. ఇలాంటి జాబితా వచ్చినప్పుడల్లా "ఫలానా వస్తువు కొనకండి" అనే సందేశాలు ఫోన్‌లలో తిరుగుతాయి. ఆ కోపం న్యాయమైనదే. మన కొనుగోళ్లతో పెరిగిన కంపెనీ ఒక పార్టీకి కోట్లు ఇస్తే, ఎందుకిచ్చారని అడిగే హక్కు మనకు ఉంది. అయితే ఆ ప్రశ్న సరైన కంపెనీకి, చేతిలో ఆధారంతో, జవాబు చెప్పవలసిన వ్యక్తికి చేరితేనే ఫలితం ఉంటుంది.

మొదటి పని బ్రాండు వెనుక ఉన్న కంపెనీని గుర్తించడం. ఆశీర్వాద్ గోధుమపిండి ప్యాకెట్‌ను వెనక్కి తిప్పి చూస్తే ఐటీసీ పేరు, చిరునామా ఉంటాయి. విరాళాల పత్రాల్లో వెతకవలసినది ఆ పేరునే గాని బ్రాండు పేరును కాదు. పేరు ఒకటే అయినంత మాత్రాన కంపెనీ ఒకటే అనుకోకూడదు. బాండ్ల జాబితాలో "హబ్ పవర్ కంపెనీ" అని కనిపించగానే, పాకిస్తాన్‌లో అదే పేరుతో ఉన్న విద్యుత్ సంస్థ మన పార్టీలకు డబ్బిచ్చిందని దేశమంతా ప్రచారమైంది. కరాచీలోని ఆ సంస్థ తమకు సంబంధం లేదని ప్రకటన ఇవ్వవలసి వచ్చింది. అందుకే కంపెనీ వెబ్‌సైట్‌లో గాని వార్షిక నివేదికలో గాని ఉండే 21 అక్షరాల గుర్తింపు సంఖ్యను, అంటే సీఐఎన్‌ను, కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవాలి. అనుబంధ కంపెనీలను కూడా చూడాలి. హైదరాబాద్‌లోని మేఘా ఇంజినీరింగ్ 966 కోట్ల రూపాయల బాండ్లు కొంటే, దాని అనుబంధ సంస్థ వెస్టర్న్ యూపీ పవర్ ట్రాన్స్‌మిషన్ విడిగా మరో 220 కోట్లకు కొన్నది.

ఇక ఎక్కడ వెతకాలి? 2019 ఏప్రిల్ 12 నుంచి 2024 ఆరంభం వరకు కొన్న బాండ్ల వివరాలు ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉన్నాయి. మార్చి 14న వచ్చిన జాబితాల్లో కొన్నవారు ఒకచోట, తీసుకున్న పార్టీలు మరోచోట ఉన్నాయి. మార్చి 21న వచ్చిన వాటిలో ప్రతి బాండుకూ సంఖ్య ఉంది కాబట్టి, ఏ కంపెనీ బాండు ఏ పార్టీకి చేరిందో తెలుసుకోవాలంటే వాటినే వాడాలి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు బాండ్ల పథకాన్ని కొట్టివేసింది గనుక, ఆ తర్వాతి విరాళాలకు పార్టీలు ఏటా ఎన్నికల సంఘానికి ఇచ్చే నివేదికలు చూడాలి. 20,000 రూపాయలకు మించి ఇచ్చినవారి పేర్లు వాటిలో ఉంటాయి. ఎలక్టోరల్ ట్రస్టుల నివేదికలు కూడా అక్కడే దొరుకుతాయి. ట్రస్టుల దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. అనేక కంపెనీల సొమ్ము ఒకచోట చేరి అనేక పార్టీలకు పంపిణీ అవుతుంది కాబట్టి, ఫలానా కంపెనీ రూపాయి ఫలానా పార్టీకి వెళ్లిందని ఆ పత్రం ఆధారంగా చెప్పలేము.

మూడో ఆధారం కంపెనీ వార్షిక నివేదిక. అందులో "పొలిటికల్", "ఎలక్టోరల్" అనే మాటలను ఇంగ్లీషులో వెతికితే, తరచుగా ఇతర ఖర్చుల కింద మొత్తం కనిపిస్తుంది. రాజకీయ విరాళాల గురించి చెప్పే కంపెనీల చట్టం 182వ సెక్షన్‌కు 2017లో చేసిన మార్పులను కూడా సుప్రీంకోర్టు అదే తీర్పులో కొట్టివేసింది. అందువల్ల గత మూడేళ్ల సగటు నికరలాభంలో ఏడున్నర శాతం పరిమితి, పార్టీ పేరు చెప్పాలన్న పాత నియమం మళ్లీ అమలులోకి వచ్చాయి.

స్పందించే ముందు మొత్తం చిత్రాన్ని చూడాలి. మేఘా బాండ్లు బీజేపీకీ, బీఆర్ఎస్‌కూ, డీఎంకేకూ, వైఎస్సార్ కాంగ్రెస్‌కూ వెళ్లాయి. మనకు నచ్చని పార్టీ పేరు ఒక్కటే ఎత్తి చూపితే అది సగం నిజమే అవుతుంది. నా దృష్టిలో అసలు అడగవలసిన ప్రశ్న పోటీపడే పార్టీలన్నిటికీ ఒకే కంపెనీ ఎందుకు ఇస్తోందన్నది.

కొనడం మానేయడం మన ఇష్టం. కానీ దాని బలాన్ని ఎక్కువగా అంచనా వేయకూడదు. అమెరికాలో 2020 జూలైలో గోయా అనే ఆహార పదార్థాల సంస్థ అధిపతి ట్రంప్‌ను పొగిడినప్పుడు (అది విరాళం కాదు, మాట మాత్రమే) బహిష్కరణ పిలుపులు మారుమోగాయి. మద్దతుదారులు పోటీగా కొన్నందువల్ల అమ్మకాలు కొంతకాలం పెరిగాయని, ఆ పెరుగుదల కూడా మూడు వారాల్లోనే కరిగిపోయిందని పరిశోధకులు తేల్చారు. 2010లో అమెరికాలోనే మిన్నెసోటా రాష్ట్రంలో టార్గెట్ దుకాణాల సంస్థ విషయం వేరుగా నడిచింది. గవర్నర్ అభ్యర్థి టామ్ ఎమ్మర్‌ను బలపరిచే బృందానికి అది 1,50,000 డాలర్లు ఇవ్వగా, కొనుగోలుదారులతో పాటు ఆ కంపెనీలో వాటాలున్న పెట్టుబడి సంస్థలు కూడా ప్రశ్నించాయి. అధిపతి ఉద్యోగులకు లేఖ రాసి క్షమాపణ చెప్పారు. అక్కడ స్థిరపడిన మనవారు కూడా ఈ దారిలో కంపెనీలను అడగవచ్చు.

అందుకే ముందు కంపెనీ సెక్రటరీకి (కంపెనీ చట్టపరమైన వ్యవహారాలు చూసే అధికారికి) ఉత్తరం రాయమని నా సలహా. ఈమెయిల్ చిరునామా వార్షిక నివేదికలో ఉంటుంది. ఉత్తరం ఇలా ఉంటే చాలు: "నేను మీ వస్తువుల వినియోగదారుణ్ణి. ఈ సంవత్సరం నివేదికలో ఈ పుటలో ఇంత రాజకీయ విరాళం చూపారు. అది ఏ పార్టీకి లేదా ఏ ట్రస్టుకు ఇచ్చారు? బోర్డు ఏ తేదీన తీర్మానించింది? విరాళాలపై మీ విధానాన్ని వెబ్‌సైట్‌లో ఉంచుతారా?" తిట్లు, పార్టీల మీద వ్యాఖ్యలు అందులో వద్దు.

జవాబు రాకపోతే వాటాదారుగా అడగవచ్చు. ఒక్క వాటా ఉన్నా వార్షిక సర్వసభ్య సమావేశంలో పాల్గొనే హక్కు ఉంటుంది. సమావేశం నోటీసులో చెప్పిన గడువులోగా వక్తగా పేరు నమోదు చేసుకుని, రాసిన ప్రశ్ననే చదవాలి. వినియోగదారుల కమిషన్‌కు మాత్రం వెళ్లనవసరం లేదు. అది సరుకులో లోపం, సేవలో లోపం, అనుచిత వ్యాపార పద్ధతుల వంటి ఫిర్యాదుల కోసం ఉన్నది. విరాళం ఆ పరిధిలోకి రాదు.

మీకు తెలిసినది నలుగురికీ పంపదలిస్తే కంపెనీ పూర్తి పేరు, తేదీ, మొత్తం, పత్రంలోని పుట ఫొటో జతచేసి పంపండి. కంపెనీ ఇచ్చిన జవాబు ఉంటే దాన్ని కత్తిరించకుండా పూర్తిగా కలపండి.