రెండు ఆరోగ్య సంస్థలు కలిసి పనిచేయడం ఎలా?

ప్రాథమిక ఆరోగ్య సంస్థలు చేతులు కలుపుతాయనగానే ముందు సభ పెడతారు. సంతకాలు, ఫొటోలు అయిపోతాయి. ఆరు నెలల తర్వాత వెళ్లి చూస్తే, రోగిని అటు పంపాలంటే ఎవరికి ఫోన్ చేయాలో డ్యూటీలో ఉన్న నర్సుకు తెలియదు. ఇది నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. దయచేసి సభ ఆపండి. ముందు పని మొదలుపెట్టండి.

కావలసినవి తక్కువే. రెండు వైపులా ఒక్కో బాధ్యులు, వాళ్లు సెలవులో ఉంటే చూసుకునే మరొకరు, ఇద్దరూ రాసే ఒక రిజిస్టర్, నేరుగా ఎత్తే ఫోన్ నంబర్లు. రిసెప్షన్ నంబర్ పనికిరాదు.

1. ఒకే ఒక్క పని ఎంచుకోండి

"సేవలు మెరుగుపరచడం" పని కాదు. క్షయ రోగులందరికీ షుగర్ పరీక్ష, షుగర్ రోగుల్లో లక్షణాలున్నవారికి క్షయ పరీక్ష చేయించడం పని. ఈ రెండు జబ్బులనూ కలిపి చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే మార్గదర్శకాలిచ్చింది. ప్రసవమై ఇంటికెళ్లిన తల్లీబిడ్డలను మూడో రోజు చూసి రావడం ఇంకో పని. రెండు పనులతో మొదలుపెట్టకూడదు, ఒకటే.

2. ఒప్పందం ఒక పేజీలో రాయండి

ఎవరు ఏం చేస్తారు, ఎన్ని గంటల్లో చేస్తారు, ఖర్చు ఎవరిది. అంతే. పేజీ దాటిన ఒప్పందం బీరువాలోకే పోతుంది. దాన్ని అధికారులు కాకుండా, రేపు ఆ పని చేయబోయే నర్సులు, ఆరోగ్య కార్యకర్తలు కూర్చుని రాయాలి. అధికారులు చివర్లో సంతకం పెడితే చాలు.

3. రోగిని అప్పగించడం

భాగస్వామ్యాలన్నీ కూలేది ఇక్కడే. ఇక్కడ నిదానించండి.

ఆసుపత్రి డిశ్చార్జ్ చేసి, చీటీ రాసిచ్చి, తన పని అయిపోయిందనుకుంటుంది. క్షేత్రస్థాయి సంస్థ చీటీ వస్తుందని ఎదురుచూస్తుంది. మధ్యలో ఆ మనిషి ఎవరి లెక్కలోనూ ఉండదు. నేను పనిచేసిన ఒకచోట ఒక బాలింత డిశ్చార్జ్ తర్వాత రిజిస్టర్లో ఉన్న ఇంటికి కాకుండా బంధువుల ఇంటికి వెళ్లింది. డిశ్చార్జ్ అయినవాళ్ల జాబితాను ఆసుపత్రి వారానికోసారి పంపేది. కార్యకర్త ఆ ఇల్లు వెతికి పట్టుకునేసరికి తొమ్మిదో రోజు. బిడ్డ ఒళ్లంతా పసుపు, పాలు తాగడం లేదు. మళ్లీ ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. ప్రసవం తర్వాత 48 నుంచి 72 గంటల మధ్య ఒకసారి చూడాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు. అలా చూసి ఉంటే ఆ కామెర్లు అంత ముదరకముందే దొరికేవి. రెండు సంస్థల్లోనూ మంచివాళ్లే ఉన్నారు. ఎవరూ సోమరులు కారు. అప్పగింత ఒక్కటే లేదు.

అందుకే నా నియమం ఇది: అవతలివాళ్లు "అందింది" అనేదాకా రోగి పంపినవాళ్ల బాధ్యతే. రిజిస్టర్లో ప్రతి పేరు పక్కన మూడు గడులు ఉండాలి. పంపాం, అందింది, చూశాం. మూడింటికీ తేదీ, సమయం వేయాలి. "అందింది" గడి 24 గంటలు ఖాళీగా ఉంటే పంపినవాళ్లే ఫోన్ చేయాలి. రోగిని "మీరే వెళ్లి కనుక్కోండి" అనకూడదు. ఎప్పటికీ అనకూడదు.

చిరునామా అడిగినప్పుడు "మీ ఇల్లెక్కడ" అని ఆపకండి. "వచ్చే వారం రోజులు ఎక్కడుంటారు?" అని అడగండి. జవాబు చాలాసార్లు వేరుగా ఉంటుంది. వివరాలు అవతలి సంస్థకు చెబుతామని రోగికి చెప్పి, సరేనంటేనే పంపండి. ఆ పనికి అవసరమైనంత వరకే పంపండి. సెలవు రోజు ముందు డిశ్చార్జ్ అయ్యేవాళ్ల పేర్లు మధ్యాహ్నంలోపే చేరాలి. ఇంకోటి, తీసుకునే సంస్థకు "ఈ రోజు మావల్ల కాదు" అనే హక్కుండాలి. అది అదే రోజు చెప్పాలి. మొహమాటానికి ఒప్పుకుని చూడకపోవడం కన్నా కుదరదనడమే రోగికి మేలు.

ముందు సాఫ్ట్‌వేర్ కొందామనేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. నేను ఒప్పుకోను. మూడు గడులు నింపే అలవాటు లేనిచోట సాఫ్ట్‌వేర్‌లోనూ ఆ గడులు ఖాళీగానే ఉంటాయి. మూడు నెలలు కాగితం మీద నడిపి, తర్వాత కొనండి. ప్రాథమిక ఆరోగ్యంపై 1978లో జరిగిన అంతర్జాతీయ సదస్సు చేసిన ఆల్మా ఆటా ప్రకటన కూడా ప్రాథమిక ఆరోగ్యం నిలబడాలంటే సక్రమంగా పనిచేసే, ఒకదానికొకటి అండగా ఉండే రిఫరల్ వ్యవస్థలు, అంటే రోగిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి పంపే ఏర్పాట్లు, ఉండాలని చెప్పింది. యంత్రాలు అప్పుడూ అవసరమే, ఇప్పుడూ అవసరమే. కానీ అవతలి మనిషి ఫోన్ ఎత్తాలి.

4. నిలబెట్టుకోవడం

నెలకోసారి 45 నిమిషాలు కూర్చోండి. ఒకసారి వాళ్ల దగ్గర, ఒకసారి మీ దగ్గర. ఖాళీ గడుల గురించి మాత్రమే మాట్లాడండి, ఒక్కో పేరు తీసి. "మీవాళ్లు" అనే మాట వద్దు. ఏ రోజు, ఏ గంటకు తెగిందో చూడండి.

బాధ్యులు బదిలీ అయితే కొత్తవారిని పాతవారే వెంటబెట్టుకుని వెళ్లి అవతలివాళ్లకు పరిచయం చేయాలి. ఉత్తరం రాసి ఊరుకోకండి. నిధులు ఒక సంస్థకే వచ్చి శ్రమ ఇద్దరిదీ అయితే, ఆ సంగతి మొదటి నెలలోనే తేల్చుకోండి. ఆలస్యమైతే మాటలు పెరుగుతాయి.

రెండో పని చేర్చేది మూడు నెలల పాటు "చూశాం" గడి నిండాకే. అప్పుడైనా ఒకటే చేర్చండి. దానికీ ఇంకో పేజీ రాసుకోండి.