కారులో ఏసీ ఉన్నా కుక్క ఎందుకు వగరుస్తోంది?

మా ఇంట్లో తొమ్మిదేళ్ల ల్యాబ్రడార్ ఒకటి, దాని మీద పెత్తనం చేసే పగ్ ఒకటి ఉన్నాయి. మా అత్తగారి ఊరు పలమనేరు వైపు. నెలకోసారైనా తిరుపతి నుంచి ఈ రెంటినీ వేసుకుని పోవాల్సిందే. ఏప్రిల్, మేలలో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటడం కొత్తేం కాదు, రోహిణీ కార్తె సంగతి చెప్పనక్కర్లేదు. ఈ దారిలో నేను చేసిన తప్పులు, డాక్టర్ల దగ్గర తిన్న చివాట్లు అన్నీ కలిపితే తేలింది ఒకటే: ముందు సీట్లో మనకు చల్లగా ఉండటం వేరు, వెనక దానికి చల్లగా ఉండటం వేరు.

ఏసీ ఆన్‌లోనే ఉంది, వగర్పు మాత్రం తగ్గట్లేదు

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. అరికాళ్ల మెత్తల్లో కాస్త పడుతుంది, అంతే. నోటిలో, ముక్కులో ఉన్న తడి ఆవిరైతేనే దాని ఒంట్లో వేడి దిగుతుంది. అందుకు మూతి ముందు గాలి ఆడాలి, ఆ గాలిలో తేమ తక్కువగా ఉండాలి.

ముందుగా చూడాల్సింది అది కూర్చున్న చోటు. చిన్న కార్లలో చల్లగాలి వచ్చే రంధ్రాలు ముందే ఉంటాయి. డిక్కీలోనో, సీటు కింద కాళ్ల దగ్గరో పడుకున్న కుక్క దాకా ఆ గాలి చేరదు. కారు ఆపి, అది పడుకున్న చోట మీ చెయ్యి ఒక నిమిషం పెట్టి చూడండి, సంగతి తెలిసిపోతుంది. నేనైతే గోడకు తగిలించే చిన్న థర్మామీటర్ ఒకటి వెనక సీటు దగ్గర కట్టుకున్నాను. నా దగ్గర 24 అనిపించినప్పుడు అక్కడ 31 చూపించింది! కుక్కను వెనక సీటు మీదికి మార్చి, గాలి రెండు సీట్ల సందులోంచి వెనక్కి కొట్టేలా తిప్పాక తేడా కనిపించింది.

ఎండ ఎటు పడుతోందో కూడా చూసుకోవాలి. సాయంత్రం తిరుపతి నుంచి చిత్తూరు వైపు పోతుంటే ఎండ ముందునుంచీ, డ్రైవర్ వైపునుంచీ కొడుతుంది. కాబట్టి దానికి వెనక ఎడమ వైపు సీటు ఇవ్వండి. ఎండలో నిలబెట్టిన కారులోకి నేరుగా ఎక్కించొద్దు. నాలుగు తలుపులూ తెరిచి, అద్దాలు దించి, రెండు మూడు నిమిషాలు ఏసీ నడిపి వేడిగాలిని బయటికి తోలేయండి. ఆ తర్వాత అద్దాలెత్తి, లోపలి గాలే తిరిగే బటన్ నొక్కి, అప్పుడు ఎక్కించండి. పుత్తూరు, నగరి మీదుగా చెన్నై వైపు పోయేవాళ్లకు ఉక్క తోడవుతుంది. గాలిలో తేమ పెరిగితే వగర్పు పని చేయదు. పెట్రోలు ఆదా అని అటువైపు ఏసీ ఆపకండి.

ఇవన్నీ సరిగ్గానే ఉంటే మూతి చూడండి. కరుస్తుందని మూతికి బిగుతుగా గుడ్డపట్టీ కడతారు కొందరు. నోరు తెరవలేని కుక్క వగర్చలేదు. తప్పదనుకుంటే నోరు పూర్తిగా తెరుచుకునే బుట్టలాంటిది వాడండి. పగ్, షిట్జూ, బుల్‌డాగ్ వంటి చప్పిడి ముక్కు జాతులకు గాలి దారే ఇరుకు, అవి ఎంత వగర్చినా వేడి సరిగ్గా దిగదు. మా పగ్ మే నెలలో పగటి పూట ప్రయాణం మానేసి మూడేళ్లయింది. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరతాం, ఎండెక్కే లోపు చేరిపోతాం. ముసలి ల్యాబ్రడార్ ఊపిరి గరగరమంటుంటే అది వేడి ఒక్కటే కాకపోవచ్చు, వాటికి వయసు మీద గొంతు కండరాలు బలహీనపడే జబ్బు ఉంది. ఎండాకాలం రాకముందే చూపించుకోండి.

బొచ్చు గొరిగిస్తే చల్లగా ఉంటుందని పామరేనియన్లకు, హస్కీలకు గుండు కొట్టించేవాళ్లున్నారు. వద్దండి. ఎండ నేరుగా చర్మం మీద పడుతుంది. రాలే బొచ్చును దువ్వి తీసేస్తే చాలు.

చొంగ, ఆవలింతలు, ఆపైన వాంతి

భాకరాపేట ఘాటులోనో, మొగిలి ఘాటులోనో మొదలైతే అది మలుపుల తిప్పు. పెదాలు నాక్కోవడం, మాటిమాటికీ ఆవలించడం దాని తొలి గుర్తులు. మనిళ్లలో ఇంకో కారణం కూడా ఉంది: పాపం ఆకలేస్తుందేమోనని బయల్దేరే ముందు గిన్నెడు పెరుగన్నం పెట్టడం. ప్రయాణానికి మూడు నాలుగు గంటల ముందే తిండి ఆపేయండి. నీళ్లు మాత్రం ఆపొద్దు, గంటకోసారి ఆగి కొంచెం కొంచెంగా తాగించండి. మనం వేసుకునే వాంతుల మాత్ర చిదిమి పెట్టొద్దు. కుక్కల కోసం వేరే మందు ఉంది, బరువు చూసి డాక్టరే రాస్తారు.

దింపితే కాళ్లు ఎత్తెత్తి పెడుతోంది

తార్రోడ్డు కాలుతోంది. మీ అరచేతి వెనక భాగాన్ని రోడ్డుకు ఆనించండి. ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాన్ని అక్కడ నడిపించకండి. నీడో, మట్టో ఉన్న చోట ఆపండి.

కిటికీలోంచి తల బయటపెడుతోంది

ముచ్చటగానే ఉంటుంది, కానీ దుమ్మూ పురుగులూ కళ్లలో పడతాయి, గట్టి బ్రేకు వేస్తే కుక్కే బయటపడుతుంది. ఛాతీకి తొడిగే పట్టీ వేసి సీటు బెల్టుకు తగిలించండి. మెడ పట్టీకి మాత్రం తగిలించకండి. ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చోవడం అసలొద్దు, ఎయిర్‌బ్యాగ్ ఎదురుగా ఉంటుంది.

ఆపిన కారులో మొరుగుతోంది, అద్దాలు గీకుతోంది

మన ఊళ్లో ఇది ఎక్కువ. బెంగుళూరు నుంచో, చెన్నై నుంచో కుక్కతో వస్తారు, గుళ్లోకి తీసుకుపోలేరు. తిరుచానూరులోనో, కాణిపాకంలోనో కారును చెట్టు కింద పెట్టి, అద్దం రెండంగుళాలు దించి, “పది నిమిషాల్లో వచ్చేస్తాం” అని పోతారు. దర్శనం పది నిమిషాల్లో ఎవరికైందో నాకైతే తెలీదు.

అద్దంలోంచి ఎండ లోపలికి వస్తుంది. డాష్‌బోర్డూ సీట్లూ దాన్ని పీల్చుకుని వేడెక్కుతాయి. ఆ వేడికి బయటికి దారి ఉండదు. మొదటి అరగంటలోనే కారు చాలామటుకు కాగిపోతుంది, అద్దం కాస్త దించినందువల్ల పెద్ద తేడా ఉండదు. చెట్టు నీడా ఒక్కచోట నిలవదు. ఇంజను నడుస్తూ ఏసీ వేసి వదిలితేనో? ఇంజను ఆగిపోతే చెప్పేవాళ్లెవరు? దీనికి పరిష్కారం ఒకటే: కుక్కతో ఒక మనిషి బయట నీడలో ఉండాలి, దర్శనానికి వంతులేసుకోవాలి. లేదంటే దాన్ని ఇంట్లో ఎవరికైనా అప్పజెప్పి రండి.

తూలుతోంది, చిగుళ్లు ఇటుక రంగులో ఉన్నాయి, పిలిస్తే పలకట్లేదు

ఇది వడదెబ్బ. మామూలు కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. 104 దాటితే ప్రమాదం, 106కు వస్తే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది.

మాకిది ఒకసారి జరిగింది. ల్యాబ్రడార్ మామిడి తోటలో గంటసేపు పరుగులు పెట్టింది, ఆ రొప్పుతోనే కారెక్కించేశాం. ఏసీ బాగానే ఉంది, కానీ వేడి అది ఎక్కకముందే ఒంట్లో చేరిపోయింది. పనపాకం దగ్గరికొచ్చేసరికి వాలిపోయింది. నాకు ఆసుపత్రికి పరుగెత్తాలనే తొందర తప్ప వేరే ఆలోచన లేదు. టీకొట్టు పెద్దాయన కారు తలుపు పట్టుకుని, “సామీ, ముందు నీళ్లు పొయ్యి, డాక్టరు కాడికి ఆమీట పోదువు” అన్నాడు. తర్వాత డాక్టరూ అదే మాటన్నారు: ముందు చల్లార్చాలి, ఆ తర్వాతే బండి కదలాలి.

నీడలోకి దింపండి. పొట్ట, చంకలు, తొడ సందులు, పాదాలు తడిసేలా నీళ్లు పోస్తూ ఉండండి, ముక్కులోకి పోకుండా చూసుకోండి. పక్కన ఒకరు అట్టతో విసరాలి, తడి ఆవిరైతేనే వేడి దిగుతుంది. ఐసు కోసం వెతుక్కుంటూ టైం పోగొట్టొద్దు, దొరికిన నీళ్లు చాలు. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే అదే వేడెక్కి దుప్పటైపోతుంది. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయకండి. జ్వరం మాత్ర అసలు వేయొద్దు. జ్వరంలో ఒళ్లే వేడిని పెంచుకుంటుంది, ఇక్కడ వేడి బయటికి పోలేకపోతోంది. మాత్ర దాన్ని దించదు, పైగా పారాసిటమాల్ కుక్కకు విషమయ్యే ప్రమాదం ఉంది. మలద్వారంలో పెట్టే థర్మామీటర్ ఉంటే 103 దగ్గరికి రాగానే నీళ్లు ఆపండి, ఇంకా పోస్తే మరీ చల్లబడిపోతుంది.

ఇక బయల్దేరండి, అద్దాలు దించో ఏసీ పెంచో గాలి ఆడనివ్వండి. తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది, ఇప్పుడది శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. అక్కడిదో, మీ దారిలో ఉన్న డాక్టరుదో ఫోన్ నంబరు బయల్దేరకముందే రాసిపెట్టుకోండి, వస్తున్నామని చెప్పి పోవచ్చు.

లేచి తోక ఊపినా చూపించాల్సిందే. కిడ్నీలు, రక్తం గడ్డకట్టే తీరు దెబ్బతిన్నది ఒక్కోసారి రెండు మూడు రోజులకు గానీ బయటపడదు. ఆ లోపల మూత్రం రంగు ముదిరినా, విరేచనంలో రక్తం కనిపించినా, పొట్ట చర్మం మీద ఎర్రటి చుక్కలు తేలినా, అర్ధరాత్రయినా సరే మళ్లీ తీసుకుపోండి.