గొల్లభామను పెంచాలంటే పైకప్పు సంగతి ముందు చూడండి

మన చేలగట్ల మీద కనిపించే పెద్ద ఆకుపచ్చ గొల్లభామ (ప్రేయింగ్ మాంటిస్ అనే పురుగు, శాస్త్రీయ నామం హైరోడ్యులా) ఇంట్లో పెంచడానికి చక్కగా సరిపోతుంది. డబ్బా ఎత్తు పురుగు పొడవుకు కనీసం 3 రెట్లు, వెడల్పు 2 రెట్లు ఉండాలి. మూతకు లోపలివైపు దోమతెర గుడ్డ అంటించండి. ఇది తప్పనిసరి. కుబుసం విడిచేటప్పుడు అది తలకిందులుగా వేలాడుతుంది. నున్నటి ప్లాస్టిక్ మీద పట్టు జారి పడితే కాళ్లు వంకరపోతాయి, చాలాసార్లు చచ్చిపోతుంది కూడా. గాలి మరీ పొడిగా ఉన్నా పాత చర్మం ఊడక ఇరుక్కుంటుంది. అందుకే రోజూ సాయంత్రం గోడల మీద సన్నగా నీళ్లు చల్లండి. తాగేది ఆ చుక్కలనే, గిన్నె అక్కర్లేదు.

పిల్లలకు పండ్ల ఈగలు, పెద్దవాటికి ఈగలు, రెక్కల పురుగులు 2, 3 రోజులకోసారి వేయండి. ఎర దాని పొడవులో సగం మించకూడదు. మందు కొట్టిన చేలో పట్టిన పురుగులు మాత్రం వద్దు.

తిండి మానేసి పైన కదలకుండా వేలాడుతుంటే కుబుసం దగ్గరపడిందన్నమాట. మిగిలిన ఎరను వెంటనే తీసేయండి, డబ్బాను కదపకండి. విడిచాక ఒళ్లు గట్టిపడేదాకా, అంటే ఒక రోజంతా, ముట్టుకోకండి.

ఒక డబ్బాలో ఒక్కటే. రెండుంటే ఒకటి రెండోదాన్ని తినేస్తుంది.