నచ్చిన పుస్తకం గురించి తోటి పాఠకులతో ఎలా పంచుకోవాలి?

ఒకసారి నాకు బాగా నచ్చిన నవల గురించి ఒక మిత్రుడికి అరగంట సేపు చెప్పాను. మొదటి అధ్యాయం నుంచి చివరి దాకా పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన ఎంతో శ్రద్ధగా విని, "చాలా బాగుందండీ, ఇక చదవక్కరలేదు" అన్నారు. అందులో వెటకారం లేదు, మనస్ఫూర్తిగానే అన్నారు. ఆ నవలకు ఒక పాఠకుణ్ణి సంపాదించబోయి, ఉన్న ఒక్కణ్ణీ పోగొట్టానని ఇంటికి వచ్చాక అర్థమైంది.

కథ ఎలాగూ పుస్తకంలో ఉంది. మనం చెప్పవలసింది పుస్తకంలో లేని సంగతులు: చదువుతున్నప్పుడు మనకు ఏమైంది, అది ఇంకెవరికి సరిపోతుంది. కింద చెప్పేవన్నీ ఈ రెండింటి కోసమే.

1. చదువుతూ ఉండగానే రాసుకోండి

పుస్తకం ముగించిన పది రోజులకు "ఎలా ఉంది?" అని ఎవరైనా అడిగితే చాలామంది నోట వచ్చేది "బాగుంది" అన్న ఒక్క మాటే. ఎందుకు బాగుందో అప్పటికే కరిగిపోయి ఉంటుంది. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాల గుంపులను తానే బట్టీపట్టి, ఎంతకాలంలో ఎంత మరచిపోతున్నాడో తానే కొలిచి, 1885లో ఆ ఫలితాలను ప్రచురించాడు. మరపు మొదటి గంటల్లోనే జోరుగా సాగి, ఆ తర్వాత నెమ్మదిస్తుందని ఆయన గమనించాడు. నవల అర్థం లేని అక్షరాల గుంపు కాదు కాబట్టి (కొన్ని నవలల విషయంలో ఈ మాట గట్టిగా అనలేను) అంత తొందరగా పోదు. అయినా కథ గుర్తున్నంతగా, చదువుతూ ఎక్కడ గొంతు పట్టేసిందో గుర్తుండదు.

పేజీ గుర్తుకు పెట్టుకునే చీటీ మీదే రాసుకుంటే సరిపోతుంది. మూడు సంగతులు చాలు: చదవడం ఆపి కాసేపు గోడ వైపు చూసిన చోటు, విసుగు పుట్టిన చోటు, చదువుతుండగా గుర్తుకొచ్చిన మనిషి. మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. "ఇది ఫలానా ఆమె చదివితే బాగుండును" అని మధ్యలో ఎక్కడో తప్పక అనిపిస్తుంది. ఆ పేరు అప్పుడే రాసిపెట్టుకోండి. పుస్తకం ముగిసేసరికి ఎవరికి చెప్పాలో వెతుక్కోనక్కరలేదు.

2. ఇష్టమైనవాటిని, ఇప్పుడు చదువుతున్నవాటిని కలపకండి

"మీకు ఇష్టమైన పుస్తకాలు?" అని అడిగితే గౌరవించే పుస్తకాల జాబితా చదివే అలవాటు మనలో చాలామందికి ఉంది. చదివామని చెప్పుకుంటే నలుగురిలో పరువు పెంచే పుస్తకాలు వేరు, జ్వరం వచ్చిన రోజున చేయి వెళ్లి తీసుకునే పుస్తకాలు వేరు. ఇష్టమైనవి అంటే రెండో రకమే. తేల్చుకోలేకపోతే ఒక ప్రశ్న వేసుకోండి: దీన్ని మళ్లీ చదివానా? చదవకపోతే, చదవాలని ఎప్పుడైనా అనిపించిందా? ఈ జల్లెడలో పడితే యాభై పుస్తకాల జాబితా అయిదారుకు దిగుతుంది. దిగనివ్వండి. ఏ వయసులో చదివారో కూడా చెప్పండి. పదహారో ఏట ప్రాణంగా చూసుకున్న పుస్తకాన్ని నలభై ఏళ్ల మనిషి చేతిలో పెట్టేటప్పుడు ఆ సంగతి దాచకూడదు.

ఇప్పుడు చదువుతున్న పుస్తకం గురించి చెప్పేటప్పుడు ఎక్కడి దాకా వచ్చారో ముందు చెప్పండి. పేజీ సంఖ్య కంటే అధ్యాయం సంఖ్య మేలు. ముద్రణ మారితే పేజీలు మారతాయి, ఈ-పుస్తకంలో అక్షరాల సైజు పెంచినా మారతాయి. సగంలో ఇచ్చే తీర్పు సగం తీర్పే కాబట్టి "ఇప్పటిదాకా" అన్న మాట తోడు ఉంచుకోవడం మంచిది.

3. అయిదు వాక్యాల్లో చెప్పండి

అన్నిటికంటే కష్టమైన పని ఇదే. లేని నవల ఒకటి ఊహించుకుందాం. దాని గురించి ఒకరు ఇలా రాశారు:

"అద్భుతమైన నవల. గుండెను పిండేస్తుంది. రచయిత శైలి అమోఘం. చివరి దాకా ఆపకుండా చదివిస్తుంది. ప్రతి ఒక్కరూ తప్పక చదవాలి."

ఇందులో ఒక్క అబద్ధమూ లేకపోవచ్చు. కానీ ఈ అయిదు వాక్యాలను పక్కనున్న ఏ పుస్తకానికి అతికించినా అతుక్కుంటాయి. అదే నవల గురించి ఇంకొకరు:

"చూపు తగ్గిపోతున్న గడియారాల మెకానిక్ ఒకాయన తన పనిని కూతురికి నేర్పే కథ. మొదటి అరవై పేజీలూ స్ప్రింగులు, పళ్లచక్రాల గురించే, అక్కడ నాకు ఓపిక నశించింది, మీకూ నశించవచ్చు. కానీ కింద పడిన చిన్న స్క్రూ కనబడక, కనబడినట్టు ఆయన కూతురి ముందు నటించే చోటు నుంచి పుస్తకం కింద పెట్టలేదు. సంఘటనలు తక్కువ, సంభాషణలు ఇంకా తక్కువ. తల్లిదండ్రులు పెద్దవాళ్లవుతుంటే పక్కనుండి చూస్తున్నవారికి ఇస్తాను, పరుగెత్తే కథ కావాలనేవారికి ఇవ్వను."

ఇక్కడ మొదటి వాక్యం విషయం చెప్పింది. రెండోది లోపం చెప్పింది. మూడోది ఒకే ఒక్క దృశ్యాన్ని దగ్గరగా చూపించింది, నాలుగోది నడకను పట్టిచ్చింది, అయిదోది పుస్తకాన్ని ఎవరి చేతికి అందించాలో తేల్చింది. రెండో వాక్యాన్ని వదిలేయకండి. నచ్చిన పుస్తకంలో లోపం చెప్పడానికి మనసొప్పదు, నాకూ ఒప్పదు. కానీ అరవై పేజీల సంగతి ముందే తెలిసినవారు అరవై ఒకటో పేజీ దాకా వస్తారు. తెలియనివారు ఇరవయ్యో పేజీ దగ్గరే పుస్తకాన్నీ, మన మాటనూ కలిపి పక్కన పెడతారు.

"తప్పక చదవాలి" అన్న మాట మాత్రం దయచేసి వాడకండి. తప్పక చదవవలసినవి పాఠ్యపుస్తకాలు.

4. ఎదుటివారు ఏ ద్వారం గుండా వస్తారో కనుక్కోండి

నాన్సీ పెర్ల్ అనే అమెరికన్ లైబ్రేరియన్ పుస్తకంలోకి నాలుగు ద్వారాలు ఉంటాయని అంటారు: కథ, పాత్రలు, స్థలకాలాలు, భాష. ప్రతి పుస్తకానికీ నాలుగూ ఉంటాయి, కానీ ఒకటో రెండో పెద్దవిగా ఉంటాయి. పాఠకులూ అంతే, తమకు అలవాటైన ద్వారం గుండానే లోపలికి వస్తారు.

కనుక్కోవడం సులువే. "ఈ మధ్య మీకు నచ్చిన పుస్తకం ఏది? ఎందుకు నచ్చింది?" అని అడిగి, జవాబు చెవిపెట్టి వినండి. "రాత్రి ఎంతయిందో కూడా తెలియలేదు" అంటే కథ. "ఆమె ఇప్పుడు ఎలా ఉందో అనిపిస్తోంది" అంటే పాత్రలు. "ఆ వీధుల్లో నేనే తిరిగినట్టుంది" అంటే స్థలకాలాలు. "కొన్ని వాక్యాలు పైకి చదువుకున్నాను" అంటే భాష. మన ప్రాణప్రదమైన పుస్తకానికి ఉన్నది భాష అనే ద్వారమైతే, కథ కోసం వచ్చిన మనిషికి దాన్ని అంటగట్టకూడదు. గ్రంథాలయ శాస్త్రానికి ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో రాసిన అయిదు సూత్రాల్లో ప్రతి పాఠకుడికీ తన పుస్తకం దొరకాలనేది ఒకటి, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు దొరకాలనేది మరొకటి. ఎదుటి మనిషికి అందని పుస్తకాన్ని బలవంతాన చేతిలో పెడితే రెండు సూత్రాలూ ఒకేసారి తప్పినట్టు.

ఒకసారికి ఒక్క పుస్తకమే చెప్పండి. పది పేర్లు చెబితే తలాడిస్తారు, ఒక్కటీ చదవరు.

5. ఎంతవరకు చెప్పాలి?

ముగింపు ముందే తెలిస్తే కథ చెడిపోతుందా? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో శాఖలో ఇద్దరు పరిశోధకులు చిన్న కథలతో ఈ సంగతి పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు. ముగింపు ముందే తెలిసినవారు ఆ కథలను ఇంకాస్త ఎక్కువ ఇష్టపడినట్టు తేలింది. గుట్టు విప్పే అలవాటు ఉన్నవారికి ఇంతకంటే శుభవార్త ఉండదు. అయినా నాలాంటివారు ఈ ఫలితాన్ని అడ్డం పెట్టుకోకూడదు. ముగింపు తెలుసుకుని చదవాలా, తెలియకుండా చదవాలా అన్నది చదివేవారి ఇష్టం. ఒకసారి చెప్పేశాక ఆ ఇష్టానికి చోటు ఉండదు.

నేను పెట్టుకున్న హద్దు మొదటి పావు భాగం. అంతవరకు జరిగినది చెబుతాను, ఆపైన ఏం జరిగిందో చెప్పకుండా ఎలా అనిపించిందో మాత్రమే చెబుతాను. ఒక చిన్న ఉచ్చు ఉంది, జాగ్రత్త: "ముగింపు మీరు ఊహించలేరు" అనడం కూడా గుట్టు విప్పడమే. ఆ మాట విన్నవారు ప్రతి పేజీలోనూ మలుపు కోసం వెతుకుతూ కూర్చుంటారు.

6. వివరాలు, ఫొటోలు

పేరు, రచయిత, అనువాదమైతే అనువాదకుడు, ప్రచురణకర్త. ఇవి లేకుండా సిఫారసు చేస్తే వినేవారు వేరే పుస్తకం తెచ్చుకుంటారు. అనువాదకుడి పేరు మరీ ముఖ్యం, ఒకే నవలకు రెండు అనువాదాలు ఉంటే రెండు పుస్తకాలు చదివినట్టే ఉంటుంది. కచ్చితంగా అదే ముద్రణ దొరకాలంటే వెనక అట్ట మీది ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తుపట్టే అంతర్జాతీయ సంఖ్య) పంపండి. 2007 నుంచి అది 13 అంకెలు, అంతకుముందు 10. గట్టి అట్టకూ మెత్తని అట్టకూ వేరు వేరు సంఖ్యలు ఉంటాయి కాబట్టి, సంఖ్య కలవకపోతే కంగారు పడనక్కరలేదు.

నచ్చిన వాక్యాన్నో పేరానో రచయిత పేరుతో ఉదహరించడం మంచిదే. అధ్యాయాలకు అధ్యాయాలు ఫొటోలు తీసి పంపడం, మొత్తం పుస్తకాన్ని స్కాన్ చేసి ఇవ్వడం మాత్రం వద్దు. కాపీరైట్ మాట అటుంచి, నచ్చిందని చెబుతూనే ఆ రాసిన మనిషి నోటి దగ్గరిది లాక్కోవడం అవుతుంది.

7. కలిసి చదవాలనుకుంటే

అయిదుగురు, ఆరుగురు చాలు. ఎనిమిది దాటితే ఇద్దరు మాట్లాడతారు, మిగతావారు వింటారు. ముందు తేదీ ఖాయం చేసి, తర్వాత పుస్తకం ఎంచుకోండి. తిరగేసి చేస్తే పుస్తకం ఎంపిక దగ్గరే మూడు నెలలు గడుస్తాయి. పుస్తకాన్ని ప్రతిపాదించిన వ్యక్తి ఆ రోజు ఆఖరున మాట్లాడాలి, లేకపోతే మిగతావారు మొహమాటానికి మెచ్చుకుంటారు. "నచ్చిందా?" అని మొదలుపెట్టకండి. అవును, కాదు అని రెండు పక్షాలు ఏర్పడి, ఆ తర్వాతంతా వాదనే అవుతుంది. "ఎక్కడ ఆగారు?" అని అడగండి. ఒకరు ఆగిన పేజీ ఇంకొకరు గమనించకుండా దాటేసిన పేజీ అయి ఉంటుంది. మాటలు వాటంతట అవే నడుస్తాయి.

పూర్తి చేయనివారిని కూడా రమ్మనండి. పైన చెప్పిన పెర్ల్‌దే ఒక లెక్క ఉంది: యాభై పేజీలు చదివినా పట్టు దొరకకపోతే వదిలేయవచ్చు. యాభై ఏళ్లు దాటినవారు నూరులోంచి తమ వయసు తీసేస్తే వచ్చినన్ని పేజీలు చదివితే చాలు. ఎందుకు వదిలేశారో చెప్పడమూ చదివిన అనుభవమే. నిజానికి మెచ్చుకునే నలుగురి కంటే వదిలేసిన ఒక్కరి మాటలోనే పుస్తకం గురించి ఎక్కువ తెలిసిన సందర్భాలు నాకు ఉన్నాయి.

8. పుస్తకం చేతికి ఇవ్వవలసి వస్తే

పుస్తకం పరహస్తం గతం గతః అని పెద్దలు ఊరికే అనలేదు. తిరిగి రాకపోయినా తట్టుకోగల పుస్తకాన్నే ఇవ్వండి. మొదటి పేజీలో మీ పేరు, ఒక నోటు పుస్తకంలో ఇచ్చిన తేదీ, తీసుకున్నవారి పేరు ఉండాలి. నెల తర్వాత "పుస్తకం ఎప్పుడిస్తారు?" అని అడిగితే అది అప్పు వసూలులా ఉంటుంది. "ఎక్కడిదాకా వచ్చారు?" అని అడగండి. చదువుతున్నవారు ఉత్సాహంగా చెబుతారు, చదవనివారు వారంలో తిరిగి ఇచ్చేస్తారు.

ఒకసారి నేను ఇచ్చిన కథల సంపుటి ఆరు నెలల తర్వాత వచ్చింది. ఒక కథలో నేను పెన్సిల్‌తో గీత గీసిన వాక్యం పక్కన, మరొకరి చేతిరాతతో "కాదు" అని ఉంది. అంతే, ఆ ఒక్క మాటే. మొదట కోపం వచ్చింది. తర్వాత ఆ పేజీ మూడుసార్లు చదివాను. ఆయనకు ఫోను చేస్తే గంటన్నర మాట్లాడుకున్నాం, ఇద్దరమూ ఒప్పుకోలేదు. ఆ "కాదు" కింద నా జవాబు నాలుగు పంక్తుల్లో రాసి, పుస్తకాన్ని మళ్లీ ఆయనకే ఇచ్చాను. రెండేళ్లయింది. నోటు పుస్తకంలో తేదీ అలాగే ఉంది, పుస్తకం ఇంకా రాలేదు.