పిల్లలకు మాటలు నేర్పే యాప్ పెట్టే ముందు జాగ్రత్తలు

ముందు బిడ్డ చెవి పరీక్ష అయిందా చూసుకోండి. సరిగ్గా వినబడని బిడ్డకు యాప్ ఒక్కటే మాట నేర్పలేదు. తిరుపతిలోనైతే రుయా ఆసుపత్రి చెవి, ముక్కు, గొంతు విభాగంలో చూపించవచ్చు. స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్తుంటే ఏ శబ్దం మీద పని చేయాలో వాళ్లనే అడగండి.

వయసు చూడండి. రెండేళ్లు నిండని పిల్లలకు స్క్రీన్ వద్దనీ, 2 నుంచి 4 ఏళ్ల వాళ్లకు రోజుకు గంట మించకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. టీవీ, ఫోన్ కూడా ఆ గంటలోకే వస్తాయి. నేనైతే విడతకు పది నిమిషాలు చాలంటాను.

యాప్‌ను ముందు మీరు ఆడి చూడండి. ఇంగ్లీషు యాప్‌లలో మన ళ, ణ దొరకవు. అందుకే 'తాళం', 'కళ్లు', 'వీణ' లాంటి మాటలు మీ గొంతుతో రికార్డు చేసుకునే యాప్ వెతకండి. బొమ్మలు కూడా ఇంటివే పెట్టండి: అవ్వ, పెరుగు గిన్నె, కిటికీలోంచి కనిపించే కొండ. తెలిసిన వస్తువైతే బిడ్డ నోరు తొందరగా కదులుతుంది.

ఇంటర్నెట్ ఆపండి, ప్రకటనలు రావు. బిడ్డ వేరే యాప్‌లోకి వెళ్లకుండా ఫోన్ సెట్టింగ్స్‌లో ఈ యాప్‌ను పిన్ చేయండి, అంటే తెర మీద అదొక్కటే ఉండేలా కట్టేయండి.

చిత్తూరు వైపు చాలా ఇళ్లలో తెలుగు, తమిళం రెండూ వినిపిస్తాయి. రెండు భాషల వల్ల మాట ఆలస్యం కాదు, ఆ టెన్షన్ వద్దు.

పక్కనే కూర్చోండి. బొమ్మ కనిపించగానే మీరే చెప్పేయకుండా మనసులో ఐదు లెక్కపెట్టి, బిడ్డ వైపు చూస్తూ ఆగండి.