కఫ్ వేశాక మెదడు డాప్లర్ రీడింగ్ తేడాగా వస్తోందా? సమస్య - పరిష్కారం

రక్తనాళాలు గట్టిపడిన పేషెంట్లకు రిమోట్ ఇస్కీమిక్ కండిషనింగ్ (చేతికో కాలికో కఫ్ బిగించి రక్తం కాసేపు ఆపి వదలడం, ఇలా కొన్నిసార్లు) చేసి, దానికి ముందొకసారి, తర్వాతొకసారి మెదడు ఆటోరెగ్యులేషన్ (బీపీ మారినా మెదడు తన రక్తప్రసరణను నిలకడగా ఉంచుకునే శక్తి) కొలిచే టెక్నీషియన్లు, పీజీల కోసం ఇది రాస్తున్నాను. కఫ్ కట్టడం, కణతల దగ్గర ప్రోబ్ పట్టి ఎంసీఏ (మెదడుకు రక్తం తీసుకెళ్లే ముఖ్య ధమనుల్లో ఒకటి) దొరకబుచ్చుకోవడం, ఐదు నిమిషాల ట్రేస్ తీయడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. హైదరాబాద్‌లో వేర్వేరు ల్యాబుల నుంచి నా దగ్గరికి వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం సాఫ్ట్‌వేర్ మీద అనుమానంతో మొదలవుతాయి. సాఫ్ట్‌వేర్ తప్పు దాదాపు ఎప్పుడూ ఉండదు. దయచేసి ముందు పేషెంట్ చెయ్యి చూడండి, తర్వాత ఆయన ఊపిరి చూడండి.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఈ చికిత్స పని చేస్తుందా లేదా అన్నది ఇంకా తేలలేదు. 2022లోనే చైనా నుంచి రెండు పెద్ద ట్రయల్స్ వచ్చాయి. రికామిస్ అనే ట్రయల్‌లో మోస్తరు స్ట్రోక్ వచ్చినవాళ్లకు చేతులకు కఫ్ వేస్తే, 90 రోజులకు బాగా కోలుకున్నవాళ్లు 67.4 శాతం, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో 62 శాతం. రికా ట్రయల్‌లో మెదడు లోపలి నాళాలు సన్నబడిన 3,033 మందిని తీసుకున్నారు. అక్కడ మళ్లీ స్ట్రోక్ రావడంలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఇలాంటి పరిస్థితిలో మన ల్యాబులో పదిమంది మీద తీసిన రీడింగ్ తప్పుగా ఉంటే, అది ఎటువైపు తప్పినా పేషెంట్‌కే నష్టం.

సమస్య: సెషన్లు చేస్తున్నాం, ముందుకీ తర్వాతకీ ఏ తేడా లేదు

చేతిలో రక్తం నిజంగా ఆగిందా? అందరూ వదిలేసే చెకింగ్ ఇదే. మెషిన్ మీద 200 కనబడితే చాలనుకుంటారు. కఫ్ ఉబ్బాక మణికట్టు దగ్గర వేళ్లు పెట్టి నాడి చూడండి. ఇంకా మంచిది, చేతి డాప్లర్ పెన్ను పెట్టి శబ్దం పూర్తిగా పోయిందో లేదో వినండి. అర నిమిషం పని.

అరచెయ్యి రంగు కూడా చెబుతుంది. ధమని మూసుకుంటే చెయ్యి పాలిపోతుంది, గోళ్ల కింద తెల్లబడుతుంది. చెయ్యి వంకాయ రంగులోకి తిరిగి, వేళ్లు బిగుసుకుని, మీద నరాలు ఉబ్బి కనబడుతున్నాయంటే రక్తం లోపలికి వెళ్తూనే ఉంది, బయటికి మాత్రం రావడం లేదు. అలాంటి ఐదు నిమిషాలు ఎన్నిసార్లు చేసినా అది ఇస్కీమియా (రక్తం అందకపోవడం) కాదు, వట్టి వాపు.

ఎందుకు ఆగలేదంటే, మన పేషెంట్లలో బీపీ 180 దాటినవాళ్లు ఉంటారు. ఏసీ రూములో కొత్త మెషిన్ చూసిన టెన్షన్‌కు అది ఇంకాస్త పెరుగుతుంది. 200 పెట్టినా మిగిలేది చాలా తక్కువ. దానికి తోడు లావు చేతికి చిన్న కఫ్ కడితే ఒత్తిడి లోపలి ధమని దాకా సరిగా అందదు. కఫ్ లోపలి బ్లాడర్ వెడల్పు చేతి చుట్టుకొలతలో కనీసం 40 శాతం ఉండాలి. టేపు పెట్టి కొలవండి. కఫ్ మార్చినా నాడి తగులుతూనే ఉంటే మీ అంతట మీరు ప్రెషర్ పెంచుకుంటూ పోవద్దు, డాక్టర్‌కు చెప్పండి. షుగర్ ఉన్నవాళ్లకు కాలికి కఫ్ వేస్తే ఈ ఇబ్బంది ఎక్కువ. కాలి ధమనుల గోడల్లో కాల్షియం పేరుకుంటే కఫ్ ఎంత బిగించినా అవి నొక్కుకోవు. అలాంటప్పుడు చేతికి మారడమే మేలు.

చెయ్యి సరిగ్గా పాలిపోతోంది, అయినా తేడా లేదంటే రికార్డింగ్ టైమ్ చూడండి. ఇస్కీమిక్ కండిషనింగ్ ప్రభావం రెండు దఫాలుగా వస్తుందని గుండె మీద చేసిన పాత ప్రయోగాల నుంచే తెలుసు. మొదటిది వెంటనే వచ్చి కొన్ని గంటల్లో తగ్గిపోతుంది, రెండోది దాదాపు ఒక రోజు తర్వాత మొదలై మూడో రోజు దాకా ఉంటుంది. ఒకరికి అరగంటకు, ఇంకొకరికి మర్నాడు కొలిచి రెండూ ఒకే పట్టికలో వేయకండి.

సమస్య: ఒక్క సెషన్‌తోనే ఆటోరెగ్యులేషన్ చాలా మెరుగైనట్టు వస్తోంది

సంతోషంతో ఫోన్ చేస్తారు. ఫేజ్ పెరిగింది సార్, ఎంసీఏ వేగం కాస్త తగ్గింది, కుడి ఎడమల తేడా కూడా తగ్గింది అంటారు (ఫేజ్ ఏమిటో కింద చెబుతాను). ఈ మూడూ కలిసి వచ్చాయని వినగానే నేను అడిగేది ఒకటే: ఎండ్ టైడల్ కార్బన్ డయాక్సైడ్ (ఊపిరి వదిలే చివర్లో ఉండే కార్బన్ డయాక్సైడ్) ఎంత? సగం మంది దగ్గర ఆ అంకె ఉండదు.

ఏం జరుగుతుందో పేషెంట్ పక్కన కూర్చుని చూస్తే తెలుస్తుంది. కఫ్ ఉబ్బిన మొదటి రెండు నిమిషాలు ఆయన మామూలుగానే ఉంటారు. మూడో నిమిషానికి చేతిలో తిమ్మిరి, గుంజుడు మొదలవుతుంది. కాలి వేళ్లు ముడుచుకుంటారు, ఒక పెద్ద నిట్టూర్పు విడుస్తారు. పక్కనున్న సిస్టర్ ధైర్యం చెప్పడానికి, 'ఏం గాదు పెద్దాయనా, మంచిగ గాలి లోపలికి పీల్చుండ్రి' అంటుంది. ప్రేమగా అన్న మాటే. ఆయన విని లోతుగా పీల్చి వదలడం మొదలుపెడతారు. నాలుగైదు సార్లు కఫ్ ఎక్కించి దించేసరికి ముప్పావు గంట దాకా అవుతుంది. అంతసేపు అలా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది.

కార్బన్ డయాక్సైడ్ తగ్గితే మెదడులోని చిన్న ధమనులు బిగుస్తాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఒక్క మిల్లీమీటర్ (పాదరసం కొలతలో) తగ్గితే రక్తప్రసరణ 2 నుంచి 4 శాతం తగ్గుతుంది. అంటే 38 నుంచి 33కి దిగితే వేగం పది శాతానికి పైగా పడిపోవచ్చు. అసలు చిక్కు ఇక్కడుంది. బిగిసి ఉన్న ధమనులు బీపీ మార్పుకు ఇంకా చురుగ్గా స్పందిస్తాయి. ఆటోరెగ్యులేషన్ కొలతలో బీపీ అల కంటే రక్తవేగం అల ఎంత ముందు నడిస్తే అంత మంచిదని లెక్క. ఆ ముందు నడకే ఫేజ్. కార్బన్ డయాక్సైడ్ తగ్గితే ఆ ఫేజ్ దానంతటదే పెరుగుతుంది. డాప్లర్‌ను మెదడు నాళాల మీద మొదట వాడిన ఆస్లిడ్ బృందం 1989లోనే, తొడ కఫ్‌ను ఒక్కసారిగా వదిలి ఈ సంగతి చూపించింది. ఊపిరి ఎక్కువగా తీసుకుంటే రెగ్యులేషన్ వేగం పెరిగింది, కార్బన్ డయాక్సైడ్ పెంచితే మందగించింది. కాబట్టి మీకు కనబడిన మెరుగుదల కఫ్ వల్ల వచ్చిందో, తిమ్మిరి బాధకు పీల్చిన గాలి వల్ల వచ్చిందో ఆ ట్రేస్ చెప్పలేదు.

కుడి ఎడమల తేడా తగ్గడం ఇంకా మోసం చేస్తుంది. ఒకవైపు నాళం బాగా సన్నబడి, అటువైపు స్పందన ముందే సన్నగిల్లి ఉంటే, కార్బన్ డయాక్సైడ్ తగ్గినప్పుడు బాగున్న వైపే ఎక్కువగా బిగుస్తుంది. బాగున్న వైపు వేగం కిందికి దిగి జబ్బు వైపుకు దగ్గరవుతుంది. రిపోర్టులో అది ప్రసరణ సమానమైనట్టు కనబడుతుంది.

షామ్ గ్రూపు (పోల్చడానికి ఉత్తుత్తి కఫ్ వేసే గ్రూపు) పెట్టాం కదా అంటారు. షామ్ కఫ్ 60 దగ్గర ఆగిపోతుంది, అది నొప్పి పెట్టదు. నొప్పి లేనివాళ్లు లోతుగా పీల్చరు. అసలు గ్రూపులో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, షామ్‌లో తగ్గకపోతే, రెండింటి మధ్య తేడా అంతా చికిత్స ఖాతాలో పడుతుంది. షామ్ ఉంది కాబట్టి కొలవక్కర్లేదు అనుకోవడం అన్నిటికంటే ప్రమాదం.

దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. భోజనం చేసి, ఏసీలో పడుకుని, రెండో రికార్డింగ్‌లో పేషెంట్ కునుకు తీస్తారు. కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, వేగం పెరుగుతుంది, ఫేజ్ తగ్గుతుంది. కండిషనింగ్ కీడు చేసిందని రాసేస్తారు.

పరిష్కారం కష్టమైనదేమీ కాదు. ల్యాబులో క్యాప్నోగ్రాఫ్ (ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ కొలిచే మెషిన్) లేకపోతే అనస్థీషియా వాళ్లను అడగండి. మొదటి రికార్డింగ్‌కు ముందే ముక్కుకు గొట్టం పెట్టి, చివరిదాకా తీయకండి. అంకె ఒక్కటే చూడొద్దు, అల ఆకారం చూడండి. ఊపిరి వదిలే చివర్లో గీత చదునుగా నిలబడితేనే ఆ అంకెకు విలువ. నోటితో ఊపిరి వదిలేవాళ్లకు, గొట్టం జరిగినవాళ్లకు గీత ముందే వాలిపోతుంది, అంకె ఉత్తుత్తిగా తక్కువ చూపిస్తుంది. అలాంటివాళ్లకు మాస్కు వాడండి. ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు అని లెక్కపెట్టి ఊరుకోవద్దు. పద్నాలుగు సార్లే పీలుస్తూ, ప్రతిసారీ లోతుగా లాగేవాళ్లు ఉంటారు.

కఫ్ మీద ఉన్నప్పుడు ఊపిరి గురించి ఒక్క మాట కూడా మాట్లాడవద్దని సిస్టర్‌కు, వెంట వచ్చిన కొడుక్కో కోడలికో ముందే చెప్పండి. మనవల గురించి, ఊరి గురించి మాట్లాడమనండి. రెండో రికార్డింగ్ మొదలుపెట్టే ముందు ఎండ్ టైడల్ మొదటి అంకెకు ఒకటి రెండు మిల్లీమీటర్ల లోపు తిరిగి వచ్చిందో లేదో చూడండి. రాలేదంటే ఆగండి. పావు గంట పట్టినా ఆగండి. ఆరోగ్యవంతుల ఫార్ములాతో తర్వాత సరిచేసుకుందాం అనుకోవద్దు. గట్టిపడిన నాళాలు ఎంత స్పందిస్తాయో మనిషి మనిషికీ మారుతుంది, ఆ శాతాలు వీళ్లకు వర్తించవు. మళ్లీ రికార్డ్ చేయడమే దారి.

మొదటి అంకె కూడా తప్పు కావచ్చని గుర్తుంచుకోండి. భయంతో వచ్చిన మనిషికి మొదటి రికార్డింగ్‌లోనే కార్బన్ డయాక్సైడ్ తక్కువగా ఉంటుంది. ముందు రోజు పిలిపించి ఒక్కసారి కఫ్ ఎక్కించి దించి చూపిస్తే ఆ భయం చాలావరకు పోతుంది. మెట్రో దిగి, మెట్లెక్కి, ఆయాసపడుతూ వచ్చినాయనను నేరుగా బెడ్ మీద పడుకోబెట్టి రికార్డ్ చేయకండి. కనీసం పావు గంట కూర్చోనివ్వండి.

సమస్య: వచ్చిన ప్రతిసారీ మొదటి రీడింగే వేరుగా ఉంటోంది

చాయ్. కెఫీన్ మెదడు రక్తప్రసరణను బాగా తగ్గిస్తుంది. పైగా అది శరీరంలో తయారయ్యే అడినోసిన్ అనే పదార్థాన్ని అడ్డుకుంటుంది, ఈ కండిషనింగ్ పనిచేసే దారుల్లో అడినోసిన్ ఒకటి. ఏమైనా తాగారా అని అడిగితే చాలామంది లేదనే అంటారు. గేటు బయట ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్ ఎన్నింటికి తీసుకున్నారు అని అడిగితే టైమ్ చెబుతారు. ముందు రాత్రి నుంచే మానమని ఫోన్‌లోనే చెప్పండి. రంజాన్ నెలలో ఉపవాసం ఉన్నవాళ్లకు రెండు రికార్డింగులూ ఒకే పూట పడేలా చూడండి.

సమస్య: ట్రేస్ చెత్తగా ఉంది, ఫేజ్ మైనస్‌లో వస్తోంది

వేలి బీపీ కఫ్, చేతి కఫ్ ఒకే చేతికి పెట్టారేమో చూడండి. రెండు చేతులకూ కఫ్ వేస్తుంటే మధ్యలో కొలవాలని ప్రయత్నించకండి, ముందూ తర్వాతా మాత్రమే కొలవండి. ఏసీకి వేళ్లు చల్లబడితే సిగ్నల్ రాదు, చెయ్యి వెచ్చబెట్టండి. బీపీ మెషిన్‌లో ఆటో క్యాలిబ్రేషన్‌ను ఆ ఐదు నిమిషాలు ఆపండి. కోహెరెన్స్ (బీపీ అల, రక్తవేగం అల ఎంతవరకు కలిసి నడుస్తున్నాయో చెప్పే అంకె) తక్కువగా ఉన్న చోట ఫేజ్‌కు అర్థం లేదు, వదిలేయండి. 0.02-0.07, 0.07-0.2 హెర్ట్జ్ బ్యాండ్లు వేరువేరుగా చూడండి, కలిపి సగటు తీయవద్దు. వయసు మళ్లిన ఆడవాళ్లలో కొందరికి కణత ఎముక మందంగా ఉండి ఎంసీఏ అసలు దొరకదు. బలవంతంగా వెతక్కుండా వాళ్లను పరీక్ష నుంచి తప్పించండి.

అరుదైనవి

రెండు చేతుల బీపీ మధ్య 15 దాటి తేడా ఉంటే చేతికి రక్తం తీసుకెళ్లే సబ్‌క్లేవియన్ ధమని సన్నబడిందేమో డాక్టర్‌ను చూడమనండి. గ్లైబెన్‌క్లమైడ్ లాంటి షుగర్ మాత్రలు కండిషనింగ్ ప్రభావాన్ని మందగింపజేయవచ్చు, నోట్‌లో రాసుకోండి. మాత్ర మాత్రం మీరు ఆపించవద్దు. చర్మం మీద ఎర్రటి చుక్కలు వస్తే సాధారణంగా వాటంతటవే పోతాయి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు ఎక్కువగా వస్తే ఆపి చూపించండి. డయాలిసిస్ ఫిస్టులా ఉన్న చేతికి, రొమ్ము ఆపరేషన్ తర్వాత వాపు ఉన్న చేతికి, గడ్డ కట్టిన నరం ఉన్న చేతికి కఫ్ వేయకూడదు. సెషన్ మధ్యలో మాట తడబడినా, మూతి వంకర పోయినా వెంటనే కఫ్ వదిలేసి ఎమర్జెన్సీకి పంపండి, రికార్డింగ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.